ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు: సినిమాలో సంస్కృతి, వ్యక్తిత్వ చిత్రణ

అమెరికా సినిమాలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ వ్యక్తిత్వం రెండు దారుల్లో రూపుకట్టింది. ఒకటి, తెల్లవారి ఇంటి వంటగదిలో ఆమెను నిలబెట్టి చూసిన హాలీవుడ్ దారి. రెండోది, సొంత ఇల్లు, చర్చి, పాట, చుట్టరికం, జ్ఞాపకాల మధ్య ఆమెను చూసిన దారి. మొదటి దారిలో ఎక్కువగా మూస పాత్రలు వచ్చాయి. రెండో దారిలో మనుషులు కనిపించారు. ఓర్పు, కోపం, భక్తి, మౌనం, చమత్కారం ఆమెకు ఎక్కడి నుంచి అబ్బాయో చూపిన సినిమాలో అవి ఆ ఒక్క స్త్రీ స్వభావంగా అర్థమవుతాయి. ఆ మూలం చూపకపోతే అవే గుణాలు జాతి లక్షణాలుగా చలామణీ అవుతాయి. 1915 నుంచి నేటి వరకు వచ్చిన ముఖ్య చిత్రాల ఆధారంగా ఈ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఈ కథ బానిసత్వంతో మొదలవుతుంది. 1662లో వర్జీనియా వలస ప్రాంతం చేసిన చట్టం ప్రకారం బిడ్డకు తల్లి స్థితే సంక్రమిస్తుంది. తండ్రి తెల్ల యజమాని అయినా తల్లి బానిస అయితే బిడ్డ బానిసే. దాంతో నల్లజాతి స్త్రీ మాతృత్వం యజమాని ఆస్తి లెక్కల్లోకి చేరింది. భార్యాభర్తలను, తల్లీబిడ్డలను విడదీసి అమ్మడం మామూలు వ్యవహారమైంది. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివినవారికి ఈ చరిత్ర పరిచితమే. తల్లి అమ్ముడుపోతే ఆమె బిడ్డను మరో స్త్రీ సాకేది. రక్తసంబంధం లేకపోయినా వరసలు కలుపుకుని ఒకరి పిల్లలను ఒకరు పెంచుకునే అలవాటు అలా స్థిరపడింది.

1865లో బానిసత్వం రద్దయినా దక్షిణాది రాష్ట్రాలు జాతి వేర్పాటు చట్టాలు తెచ్చాయి. స్త్రీలకు ఎక్కువగా దొరికిన పనులు పొలం పని, బట్టలుతకడం, తెల్లవారి ఇళ్లలో వంట, పిల్లల పెంపకం. 1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది దక్షిణాది వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ వంటి నగరాలకు తరలిపోయారు. మహా వలసగా చరిత్రకెక్కిన ఈ ప్రయాణంలో చర్చి, వంట, పాట, పెద్దల మాట వాళ్ల వెంటే వెళ్లాయి. తెర మీద కనిపించే తల్లీకూతుళ్ల తగాదాలు చాలావరకు ఈ వలస మిగిల్చినవే. దక్షిణాదిలో ప్రాణం నిలుపుకోవడానికి తల్లి నేర్చుకున్న జాగ్రత్త, నగరంలో పెరిగిన కూతురికి సంకెలలా తోస్తుంది.

హాలీవుడ్ మూసలు

డి. డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (1915)లో ముఖ్యమైన నల్లజాతి పాత్రలను తెల్ల నటులే ముఖానికి నలుపు పూసుకుని వేశారు. యజమాని కుటుంబమే లోకంగా బతికే దాసి, తెల్ల నాయకుడిని వశపరచుకునే మిశ్రమ జాతి స్త్రీ, రెండు మూసలూ ఆ చిత్రంలోనే ఉన్నాయి. సినిమా చరిత్రకారుడు డొనాల్డ్ బోగల్ 1973లో ప్రచురించిన పుస్తకంలో ఇలాంటి మూసలను వరుసపెట్టి వర్గీకరించాడు. సామాజిక శాస్త్రవేత్త పట్రీషియా హిల్ కాలిన్స్ 1990లో వీటిని అదుపు చేసే బొమ్మలుగా విశ్లేషించింది. తక్కువ కూలికి ఊడిగం చేయించుకునే వ్యవస్థకు ఆ బొమ్మలు సమర్థనగా పనికొచ్చాయని ఆమె వాదన.

వీటిలో నాలుగు ప్రధానమైనవి. భారీ శరీరం, తలగుడ్డ, తెల్ల పిల్లల మీద తరగని ప్రేమ గల ఆయా 'మామీ'. రెండు జాతుల మధ్య నలిగి నాశనమయ్యే లేతరంగు యువతి విషాద మిశ్రమ జాతి స్త్రీ. బైబిల్ రాణి పేరు మోసే 'జెజెబెల్' కామం తప్ప మరో గుణం లేనిది. మొగుణ్ణి నిత్యం సాధించే గయ్యాళి 'సఫైర్'. ఈ చివరి పేరు 'ఏమోస్ అండ్ ఆండీ' అనే రేడియో, టెలివిజన్ హాస్య ధారావాహికలోని భార్య పాత్ర నుంచి వచ్చింది.

'గాన్ విత్ ది విండ్' (1939)లో మామీగా నటించిన హాటీ మెక్‌డేనియల్ 1940 ఫిబ్రవరి 29న ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆ పురస్కారం పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమే. వేడుక జరిగిన లాస్ ఏంజిలిస్ హోటల్లో ఆమెను మిగతా నటీనటులకు దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అంతకుముందు అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు ఆమె వెళ్లలేకపోవడానికీ జాతి వేర్పాటే కారణం. నిజ జీవితంలో హాటీ బానిసత్వం అనుభవించిన తల్లిదండ్రుల బిడ్డ, పాటలు రాసి పాడి రికార్డులిచ్చిన కళాకారిణి. తెర మీది మామీకి మాత్రం సొంత పేరు లేదు, సొంత ఇల్లు లేదు, తనవాళ్లంటూ ఎవరూ లేరు. తన కంటి చూపుతో, గొంతులోని ఎత్తిపొడుపుతో హాటీ ఆ పాత్రకు కొంత ఆత్మాభిమానం తెచ్చింది. ఆ ఆత్మాభిమానానికి వేరు ఎక్కడుందో చూపే దృశ్యం ఒక్కటీ కథలో లేదు.

'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' (1934)లో లూయీస్ బీవర్స్ పోషించిన డెలైలా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆమె అట్ల తయారీ రహస్యంతో తెల్ల యజమానురాలు సంపన్నురాలవుతుంది. తనకు వాటా ఇస్తానన్నా డెలైలాకు సొంత ఇల్లు అక్కర్లేదు, యజమానురాలి సేవే కావాలి. ఆమె కూతురు పియోలా తెల్లదానిగా చలామణీ అవుతూ తల్లిని దూరం చేసుకుంటుంది. పియోలాగా నటించిన ఫ్రెడీ వాషింగ్టన్ లేతరంగు మేనిఛాయ ఉండి కూడా నిజ జీవితంలో తెల్లదాన్నని చెప్పుకోవడానికి నిరాకరించింది. నల్లజాతి నటుల సంఘ స్థాపనలో పాలుపంచుకుంది. 1949 నాటి 'పింకీ'లో ఇలాంటి పాత్రను తెల్ల నటి జీన్ క్రెయిన్‌కే ఇచ్చారు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను చూపరాదన్న అప్పటి నిర్మాణ నియమావళి ఇలాంటి ఎంపికల వెనుక పనిచేసింది.

సమాంతర సినిమా

అదే కాలంలో నల్లజాతి ప్రేక్షకుల కోసం విడిగా సినిమాలు తయారయ్యాయి. ఆస్కర్ మిషో తీసిన 'విదిన్ అవర్ గేట్స్' (1920)లో ఎవలిన్ ప్రియర్ పోషించిన సిల్వియా లాండ్రీ దక్షిణాది పంతులమ్మ. పేదపిల్లల బడి మూతపడకుండా విరాళాల కోసం బోస్టన్ వెళ్తుంది. ఆమెను పెంచిన తల్లిదండ్రులను మూక కొట్టి ఉరితీసిన దృశ్యం చిత్రం చివర గతంగా వస్తుంది. చదువు పట్ల ఆమె పట్టుదలకు, ప్రేమ విషయంలో ఆమె బెదురుకు ఆ గతమే కారణమని ప్రేక్షకుడికి అప్పుడు తెలుస్తుంది. స్త్రీ స్వభావానికి చరిత్రలో కారణం వెతికిన తొలి నల్లజాతి చిత్రాల్లో ఇదొకటి. చాలాకాలం కనిపించకుండాపోయిన ఈ చిత్రం ప్రతి స్పెయిన్‌లో బయటపడింది.

రచయిత్రి, మానవ శాస్త్రవేత్త జోరా నీల్ హర్‌స్టన్ 1920ల చివర్లో కెమెరా పట్టుకుని దక్షిణాది పల్లెల్లో పిల్లల ఆటపాటలను చిత్రించింది. జనం బతుకును వాళ్ల మధ్య నిలబడి చూడటం సాధ్యమని ఆ చిన్న చిత్రాలు రుజువు చేశాయి.

వ్యక్తిత్వాన్ని మలిచే సంస్కృతి అంశాలు

చర్చి: బానిసత్వ కాలం నుంచి నల్లజాతి సమాజానికి చర్చి ప్రార్థనాస్థలం మాత్రమే కాదు. బడి, సభాస్థలి, ఆపదలో ఆదుకునే ఆసరా కూడా అదే. లొరెయిన్ హాన్స్‌బెరీ నాటకం ఆధారంగా వచ్చిన 'ఎ రైజిన్ ఇన్ ది సన్' (1961)లో తల్లి లీనా యంగర్ భక్తికి మూలం అక్కడే ఉంది. డాక్టరు కావాలనుకునే కూతురు బెనీతా దేవుడు లేడన్నప్పుడు లీనా ఆమె చెంప ఛెళ్లుమనిపిస్తుంది. తన ఇంట్లో దేవుడున్నాడని ఆమె చేతే అనిపిస్తుంది. భర్త చనిపోగా వచ్చిన 10,000 డాలర్ల బీమా సొమ్ముతో తెల్లవారి పేటలో ఇల్లు కొనే సాహసమూ ఆ తల్లిదే. అణచివేసే కాఠిన్యం, అడుగు వేయించే ధైర్యం ఒకే విశ్వాసం నుంచి వచ్చాయని క్లాడియా మెక్‌నీల్ నటన చూపుతుంది. డీ రీస్ తీసిన 'పరాయా' (2011)లో ఇదే చర్చి మరో ముఖం చూపుతుంది. బ్రూక్లిన్‌లో 17 ఏళ్ల అలైక్ తోటి అమ్మాయిలను ఇష్టపడుతుంది. చర్చికి వెళ్లే తల్లికి అది కనబడకుండా బడికి వెళ్లే దారిలో ఒక వేషం, ఇంటికి వచ్చే దారిలో మరో వేషం మారుస్తుంది. రెండు బతుకుల మధ్య నలిగిన ఆ పిల్ల చివరికి కవిత్వంలో తన గొంతు వెతుక్కుంటుంది.

చుట్టరికం: కన్నతల్లితో పాటు పిల్లల భారం మోసే స్త్రీలను కాలిన్స్ ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. 'ఫెన్సెస్' (2016)లో వయోలా డేవిస్ పోషించిన రోజ్ తన భర్త మరో స్త్రీతో కన్న పసిబిడ్డను చేరదీస్తుంది. బిడ్డకు తల్లినవుతాను గానీ నీకిక భార్యను కానని భర్తకు తేల్చి చెబుతుంది. తల్లిలేని బిడ్డను వదలకపోవడం ఆమె సంస్కృతి నేర్పిన ధర్మం. భర్తను క్షమించకపోవడం ఆమె సొంత నిర్ణయం. సంస్కృతి వ్యక్తిని ఎంతవరకు నడిపిస్తుంది, వ్యక్తి ఎక్కడ సొంతంగా నిలబడుతుంది అన్న ప్రశ్నకు ఇంత సూటి సమాధానం ఇచ్చిన సన్నివేశాలు అరుదు.

1965లో అమెరికా ప్రభుత్వ అధికారి డానియల్ మొయినిహాన్ ఇచ్చిన నివేదిక నల్లజాతి కుటుంబాల కష్టాలకు తల్లి పెత్తనాన్ని ఒక కారణంగా చూపింది. ఆ వాదనకు సినిమా ఇచ్చిన గట్టి జవాబు 'క్లాడీన్' (1974). హార్లెమ్‌లో ఆరుగురు పిల్లల తల్లి క్లాడీన్‌గా డయాన్ కారల్ నటించింది. ప్రభుత్వమిచ్చే సాయం చాలక క్లాడీన్ దొంగచాటుగా ఇంటిపనికి వెళ్తుంది. తనిఖీకి అధికారి వచ్చినప్పుడల్లా ఇంట్లో వస్తువులను, ప్రేమికుణ్ణి దాచాల్సి వస్తుంది. మగదిక్కు కనిపిస్తే సాయం తగ్గించే నిబంధనలే ఆమె ఒంటరితనానికి, అబద్ధాలకు, చిరాకుకు కారణాలు. గయ్యాళితనంగా కనిపించేది నిజానికి లెక్కలు సరిపెట్టుకోలేని తల్లి అలసట అని చిత్రం నిరూపిస్తుంది.

పాట: 1920ల బ్లూస్ గాయనులు కోరికను, వంచనను, ఒంటరి ప్రయాణాలను బాహాటంగా పాడారు. 'మా రేనీస్ బ్లాక్ బాటమ్' (2020)లో వయోలా డేవిస్ పోషించిన బ్లూస్ గాయని మా రేనీ తాగడానికి కోకాకోలా తెచ్చేదాకా రికార్డింగ్ మొదలుపెట్టనంటుంది. తన గొంతు చేతికందగానే తనతో పనిలేదని నిర్మాతలు అనుకుంటారని ఆమెకు తెలుసు. ఆ మొండితనం బేరంలో ఆమెకున్న ఒకే ఒక్క ఆయుధం. గొంతు మీద హక్కు ఎవరిదన్న సమస్య సినిమా పరిశ్రమలోనే ఉంది. 'కార్మెన్ జోన్స్' (1954)తో ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ డొరతీ డాండ్రిడ్జ్. ఆమె స్వయంగా గాయని అయినా ఆ చిత్రంలో ఆమె పాటలను తెల్ల గాయని మార్లిన్ హోర్న్ పాడింది. జూలీ డాష్ లఘుచిత్రం 'ఇల్యూజన్స్' (1982) దీన్ని తిరగేసి చూపుతుంది. 1942 నాటి స్టూడియోలో తెల్ల తారకు గొంతు అరువిచ్చే నల్లజాతి గాయని కథ అది.

జుట్టు, మేనిఛాయ: తెల్లదనానికి ఎంత దగ్గరగా ఉంటే అంత విలువ అన్న బానిసత్వ కాలపు కొలత నల్లజాతి సమాజం లోపలికీ పాకింది. స్పైక్ లీ 'స్కూల్ డేజ్' (1988)లో సాఫీ జుట్టు అమ్మాయిలు, ఉంగరాల జుట్టు అమ్మాయిలు పాటతో తలపడతారు. 'పాసింగ్' (2021) 1920ల హార్లెమ్‌లో ఇద్దరు బాల్య స్నేహితురాళ్ల కథ. ఒకరు తెల్లదానిగా చలామణీ అవుతారు, మరొకరు నల్లజాతి మధ్యతరగతి ఇల్లాలిగా ఉంటారు. ఎవరిది ఎక్కువ నటన అన్నది చివరిదాకా తేలదు. క్రిస్ రాక్ డాక్యుమెంటరీ 'గుడ్ హెయిర్' (2009) అమెరికా క్షౌరశాలల నుంచి భారతీయ దేవాలయాల వరకు జుట్టు వ్యాపారాన్ని అనుసరిస్తుంది. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలు వేలంలో అమ్ముడై విదేశాలకు చేరతాయని తెలుగువారికి తెలుసు. ఒకచోట మొక్కుగా వదులుకున్న జుట్టు మరోచోట మర్యాద కోసం కొనుక్కునే సరుకవుతోంది. ఈ వ్యాపారం ఇరువైపులా స్త్రీల శిరోజాల మీదే నడుస్తోంది.

'డాటర్స్ ఆఫ్ ది డస్ట్'

సంస్కృతినే కథగా మలిచిన చిత్రం జూలీ డాష్ 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' (1991). అమెరికాలో సాధారణ థియేటర్లలో విడుదలైన, ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ దర్శకత్వం వహించిన తొలి కథాచిత్రం ఇదే. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి హాలీవుడ్ పద్ధతిని కాదన్న నల్లజాతి దర్శకుల తరంలో డాష్ ఒకరు. కథాకాలం 1902. ఆగ్నేయ తీరపు దీవుల్లో బతికే గుల్లా ప్రజలు ప్రధాన భూభాగానికి దూరంగా ఉండటం వల్ల ఆఫ్రికా భాషల, ఆచారాల ఛాయలను మిగతావారికన్నా ఎక్కువ నిలుపుకున్నారు. పీజాంట్ కుటుంబం దీవి వదిలి ఉత్తరాదికి వెళ్లబోయే రోజున అందరూ కలిసి భోజనానికి చేరతారు.

ముత్తవ్వ నానా పీజాంట్ వెళ్లదు. నీలిమందు తోటల్లో పనిచేసిన ఆమె చేతులకు ఆ నీలం ఇంకా అంటుకుని ఉంటుంది. నీలం మరక అన్నేళ్లు నిలవదని తెలిసినా బానిసత్వపు గుర్తును కంటికి కనిపించేలా చేయడానికి డాష్ ఆ రంగు వాడింది. మనవరాలు వయోలా క్రైస్తవాన్ని, మనవడి భార్య హేగర్ ఆధునిక జీవితాన్ని నమ్ముకుని పాత మంత్రతంత్రాలను ఈసడిస్తారు. నగరంలో ఒళ్లమ్ముకుని వచ్చిన యెల్లో మేరీని చుట్టాలు చిన్నచూపు చూస్తారు. తెల్లవాడి అత్యాచారానికి గురైన గర్భవతి యూలా ఆమె పక్షాన నిలిచి, మేరీ పాడైనదైతే మనమంతా పాడైనవాళ్లమేనని బంధువులను నిలదీస్తుంది. యూలా కడుపులోని బిడ్డ కథ చెబుతుంది. ప్రయాణానికి ముందు నానా తన తల్లి జుట్టుపాయ కట్టిన తాయెత్తును బైబిలుకు చేర్చి అందరి చేతా ముద్దుపెట్టిస్తుంది.

ఒకే ఇంట్లో, ఒకే సంస్కృతిలో పుట్టిన ఈ స్త్రీలలో ఏ ఇద్దరి స్వభావమూ ఒకటి కాదు. వారసత్వం అందరికీ ఒకటే అయినా దాన్ని ఒకరు పట్టుకున్నారు, ఒకరు వదిలేశారు, ఒకరు సిగ్గుపడ్డారు, ఒకరు కొత్తగా అల్లుకున్నారు. సంస్కృతి మనుషులను ఒకే అచ్చులో పోస్తుందన్న ఊహను ఈ చిత్రం పూర్తిగా తోసిపుచ్చింది. 2004లో దీన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఎంపిక చేశారు.

ఇదే కోవలో కేసీ లెమన్స్ 'ఈవ్స్ బాయూ' (1997) 1962 నాటి లూసియానాలో సంపన్న డాక్టరు ఇంటి ఆడపిల్లలను, సోదె చెప్పే మేనత్త మోజెల్‌ను చిత్రించింది. కేథలీన్ కాలిన్స్ 'లూజింగ్ గ్రౌండ్' (1982)లో నాయిక తత్వశాస్త్ర ఆచార్యురాలు. మేధావి అయిన నల్లజాతి స్త్రీని ఊహించలేని పంపిణీ వ్యవస్థ ఆ చిత్రాన్ని పట్టించుకోలేదు. దర్శకురాలు 1988లో కన్నుమూసిన చాలా ఏళ్లకు, 2015లో అది థియేటర్లకు వచ్చింది.

బలం అనే బరువు

మామీ స్థానంలో కాలక్రమంలో మరో మూస వచ్చింది. ఎంతటి కష్టాన్నయినా తట్టుకునే ఉక్కు స్త్రీ. ఇది పొగడ్తలా వినిపించడం వల్ల దీని హాని త్వరగా కనిపించదు. బలంగా కనిపించాలన్న ఒత్తిడి, భావాలను అణచుకోవడం, సాయం అడగకపోవడం, తనను పక్కనపెట్టి ఇతరులను చూసుకోవడం నల్లజాతి స్త్రీల ఆరోగ్యం మీద చూపే ప్రభావాన్ని పరిశోధకురాలు షెరిల్ వుడ్స్ జిస్కోంబే 2010లో వివరించింది.

ఆలిస్ వాకర్ నవల ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ది కలర్ పర్పుల్' (1985)లో ఈ బలం మూల్యం కనిపిస్తుంది. ఓప్రా విన్‌ఫ్రీ పోషించిన సోఫియా పెత్తందారీ పురుషుడికి, తెల్ల మేయరుకు ఎదురుతిరిగే మనిషి. మేయరు భార్య దగ్గర పనిమనిషిగా చేరనన్నందుకు జైలు పాలై, ఏళ్ల తరబడి నోరు పడిపోయినట్టు బతుకుతుంది. వూపీ గోల్డ్‌బర్గ్ పోషించిన సీలీ నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటుంది. గాయని షగ్ ఆ చెయ్యి తీయించి అద్దంలో ఆమె నవ్వును ఆమెకే చూపుతుంది. గట్టి మనిషి విరిగిపోవడం, మెత్తని మనిషి నిలబడటం పక్కపక్కనే జరుగుతాయి. ఇద్దరినీ కాపాడింది తోటి స్త్రీల సాన్నిహిత్యమే.

చినోన్యే చుక్వు 'టిల్' (2022)లో డానియెల్ డెడ్‌వైలర్ పోషించిన మేమీ టిల్ బలాన్ని మరో కోణంలో చూపుతుంది. 1955లో మిసిసిపీలో హత్యకు గురైన 14 ఏళ్ల కొడుకు ఎమెట్ శవపేటికను ఆ తల్లి తెరిచి ఉంచి లోకానికి చూపించింది. చక్కని దుస్తులతో, నిబ్బరంతో జనం ముందు నిలబడాలన్న నల్లజాతి మధ్యతరగతి మర్యాదను ఆమె సాక్ష్యంగా మార్చుకుంది. దర్శకురాలు హింసను తెర మీద చూపకుండా తల్లి ముఖం మీదే కెమెరా నిలిపింది.

ప్రేక్షకురాలి చూపు

ఈ చిత్రాలను నల్లజాతి స్త్రీలు ఎలా చూశారన్నదీ ఈ చరిత్రలో భాగమే. విమర్శకురాలు బెల్ హుక్స్ 1992లో రాసిన వ్యాసంలో, తెర మీద తమ జాడ లేకపోవడం వల్ల నల్లజాతి ప్రేక్షకురాళ్లు సినిమాను నిలదీసే చూపు అలవరచుకున్నారని వాదించింది. పరిశోధకురాలు జాక్వెలిన్ బోబో 1995 నాటి పుస్తకం కోసం ప్రేక్షకురాళ్లతో మాట్లాడినప్పుడు, నల్లజాతి పురుషులను చెడ్డగా చూపిందని విమర్శలు ఎదుర్కొన్న 'ది కలర్ పర్పుల్'లో వాళ్లు తమకు కావలసిన ఊరటను వెతుక్కున్నారని తేలింది. లోపాలు తెలిసి కూడా తమకు పనికొచ్చేది ఏరుకునే ఈ నేర్పు కూడా సంస్కృతి ఇచ్చిందే.

'ది హెల్ప్' (2011) విషయంలో వ్యతిరేకత బలంగా వచ్చింది. 1960ల మిసిసిపీలో పనిమనుషుల కథను తెల్ల యువతి ద్వారా చెప్పిన ఆ చిత్రం చరిత్రను వక్రీకరించిందని నల్లజాతి మహిళా చరిత్రకారుల సంఘం బహిరంగ ప్రకటన చేసింది. అందులో పనిమనిషి పాత్ర వేసినందుకు తర్వాత విచారిస్తున్నట్టు వయోలా డేవిస్ స్వయంగా చెప్పింది. అదే చిత్రానికి ఆక్టేవియా స్పెన్సర్ సహాయ నటిగా ఆస్కార్ గెలుచుకుంది. హాటీ మెక్‌డేనియల్ విజయానికి 72 ఏళ్ల తర్వాత కూడా పురస్కారం తెచ్చిన పాత్ర పనిమనిషిదే.

21వ శతాబ్దపు ధోరణులు

2002లో హాలీ బెర్రీ ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ అయింది. 'ప్రెషస్' (2009) పేదరికాన్ని, ఇంట్లో హింసను చూపిన తీరు తీవ్ర చర్చకు దారితీసింది. చదువు ద్వారా కథానాయిక గొంతు తెరుచుకోవడాన్ని కొందరు మెచ్చుకున్నారు, పాత మూసలే తిరిగొచ్చాయని కొందరు నొచ్చుకున్నారు. ఎవా డువర్నే 'మిడిల్ ఆఫ్ నోవేర్' (2012)తో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దర్శకత్వ పురస్కారం పొందిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. జైల్లో ఉన్న భర్త కోసం వైద్య విద్య వదులుకున్న యువతి, అతని కోసం కాక తన కోసం బతకడం నేర్చుకునే కథ అది. 'హిడెన్ ఫిగర్స్' (2016) అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన కేథరిన్ జాన్సన్, డొరతీ వాన్, మేరీ జాక్సన్‌ల ప్రతిభను జనంలోకి తెచ్చింది. టెక్సాస్ దర్శకురాలు చానింగ్ గాడ్‌ఫ్రే పీపుల్స్ తీసిన 'మిస్ జూన్‌టీన్త్' (2020)లో ఒకప్పటి అందాల పోటీ విజేత ఇప్పుడు బారులో పనిచేస్తూ, కూతురిని అదే కిరీటం వైపు నడిపిస్తుంది. 1865 జూన్ 19న టెక్సాస్ బానిసలకు విముక్తి కబురు అందిన రోజు పేరు మీద జరిగే పోటీ అది. కూతురికి మాత్రం కిరీటం కన్నా నృత్యం ఇష్టం.

కెమెరా వెనుక స్త్రీలు పెరగడంతో జుట్టుకు, చర్మానికి, దుస్తులకు తగిన శ్రద్ధ వచ్చింది. 'బ్లాక్ పాంథర్' చిత్రాలకు దుస్తులు రూపొందించిన రూత్ ఇ. కార్టర్ రెండు ఆస్కార్లు గెలిచిన తొలి నల్లజాతి స్త్రీ. 'మా రేనీస్ బ్లాక్ బాటమ్'కు మియా నీల్, జమీకా విల్సన్ కేశాలంకరణ, మేకప్ విభాగంలో ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి స్త్రీలయ్యారు.

మొత్తంగా చూస్తే, నల్లజాతి స్త్రీని గొప్పగా చూపారా చిన్నబుచ్చారా అన్న కొలత ఈ చిత్రాలను అర్థం చేసుకోవడానికి చాలదు. ఆమెకు తనవాళ్లున్నారా, ఆమె నమ్మకానికీ కోపానికీ చరిత్ర ఉందా, తన సంస్కృతితో తగాదా పడే స్వేచ్ఛ ఆమెకుందా అన్నవే అసలు ప్రశ్నలు. లీనా, క్లాడీన్, సీలీ, నానా, రోజ్, అలైక్ అందరూ ఆ ప్రశ్నలకు అవునని జవాబిచ్చే పాత్రలు. వాళ్లు ఒకరిలా ఒకరు ఉండరు. ఈ సినిమా చరిత్ర సాధించిన అతి విలువైన విషయం ఆ తేడాయే.